ఎముక మజ్జ పరీక్ష ఐదోసారి: రక్తం బాగున్నా ఎందుకు చేయించుకోవాలి?

తెనాలివాసి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 34 సంవత్సరాలు. పోయిన ఏడాది వినాయక చవితి తరువాతి వారంలో నాకు బి-సెల్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) ఉన్నట్లు తేలింది. ఇప్పటివరకు నాలుగుసార్లు తుంటి ఎముక నుంచి మజ్జ తీశారు. మొదటిది జబ్బు నిర్ధారణకు, రెండోది మొదటి విడత కీమో ముగిశాక, మూడోది ఆ తరువాతి విడత అయ్యాక. మూడోసారి తీసిన శాంపిల్ పనికిరాలేదని చెప్పి పది రోజులకే నాలుగోది చేశారు. వచ్చే బుధవారం ఐదోది ఉంది. దాని ఫలితం చూశాకే మెయింటెనెన్స్ మాత్రలు (జబ్బు తిరగబెట్టకుండా వాడేవి) మొదలుపెడతామని డాక్టరుగారు చెప్పారు.

నిన్నటి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11.8, తెల్లకణాలు 4,600, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు ఉన్నాయి. "రక్తంలో ఏమీ కనిపించనప్పుడు ఎముకలో మాత్రం ఏముంటుంది నాయనా, ఇంకా ఎందుకు పొడిపించుకుంటావు?" అని మా మామగారు అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ ప్రశ్న నాలోనూ ఉంది.

మొదటిసారి ఏం చేస్తారో తెలియదు కనుక పెద్దగా భయపడలేదు. రెండోసారి మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, అది పనిచేసిందో లేదో చూడకుండానే లావు సూది దించారు. నేను అరిస్తే, "మగవారై ఉండి ఇంతమాత్రం ఓర్చుకోలేరా?" అని అన్నారు. అప్పటి నుంచి పరీక్ష తేదీ చెప్పిన రోజు నుంచే నాకు నిద్ర పట్టదు. ఇది నిజంగా అవసరమా అన్నది నా మొదటి ప్రశ్న. ఎన్నిసార్లు చేయించుకుంటే నొప్పి అలవాటవుతుందన్నది రెండోది.

ఓరుగల్లు అమ్మ

మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను తమ్ముడూ. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, జబ్బు మీకున్నదే. పిల్లలకు ఈ పరీక్ష కాసేపు మత్తు ఇచ్చి చేస్తారు. పరీక్షకు 6 గంటల ముందు నుంచి అన్నం, పాలు పెట్టకూడదని, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తాగించవచ్చని మాకు చెప్పారు. ఉదయం ఎనిమిదింటికి పిలుస్తామన్న రోజున పదకొండు దాకా పిలవకపోతే, ఆకలికి ఏడ్చే పిల్లవాడిని ఎత్తుకుని వరండాలో తిరగడమే మాకు అసలు కష్టం. సూది సంగతి వాడికి తెలియదు, లేచాక నడుము దగ్గర ప్లాస్టరు మాత్రమే చూసుకుంటాడు.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు పరీక్షలను ఒకటిగా అనుకుంటున్నారని పాత చర్చలు చదివితే అర్థమైంది. వెన్నుపూసల మధ్య నుంచి నీరు తీసి, అదే దారిలో మెథోట్రెక్సేట్ మందు ఎక్కించడం ఒకటి. తుంటి ఎముక వెనుక భాగం నుంచి మజ్జ తీయడం మరొకటి. రెండోదానికి వెన్నుపాముతో ఏ సంబంధమూ లేదు. మా వాడు మాత్రం ఈ తేడాను మాకంటే ముందే పట్టుకున్నాడు. ఆసుపత్రికి బయలుదేరే ముందు, "అమ్మా, ఈ రోజు ఎముక సూదా, నీళ్ల సూదా?" అని అడుగుతాడు. రెండూ ఒకే మత్తులో చేసే రోజున వాడికి పండగే, ఎందుకంటే ఒకే ఉపవాసంతో రెండు పనులూ అయిపోతాయి.

నా సందేహం ఇది: పిల్లలకు మత్తు ఇవ్వగలిగినప్పుడు పెద్దలను ఎందుకు ఓర్చుకోమంటారు?

పాలమూరు బిడ్డ

నాకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. ఆరుసార్లు చేయించుకున్నాను, ఒక్కసారి కూడా మత్తు అడగలేదు. పళ్లు బిగించి పదిహేను నిమిషాలు ఓర్చుకుంటే అయిపోతుంది. మనసు గట్టిగా ఉంటే నొప్పి ఏమీ చేయలేదు. దీనికి ఇంత చర్చ అవసరం లేదని నా అభిప్రాయం.

విశాఖ ల్యాబ్

నేను ఒక రోగనిర్ధారణ ప్రయోగశాలలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను, సూది అటువైపు ఏం జరుగుతుందో మాత్రమే నాకు తెలుసు. తెనాలివాసి గారి మామగారు అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది. దానికి వివరంగా సమాధానం చెప్పాలి.

జబ్బు బయటపడే నాటికి ఒంట్లో లుకేమియా కణాలు సుమారు లక్ష కోట్ల వరకు ఉంటాయని చెబుతారు. మొదటి విడత కీమోతో వాటిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పోయినా ఇంకా వెయ్యి కోట్లు మిగులుతాయి. అయినా రక్తపరీక్ష అప్పటికే మామూలుగా కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో స్లయిడ్ చూసే మనిషికి కూడా అవి ఆనవు. మజ్జలో బ్లాస్ట్ కణాలు (ఎదగని లేత కణాలు) 5 శాతం కంటే తక్కువ ఉంటే రెమిషన్ (జబ్బు అణగడం) అంటారు. అంటే ఇరవై కణాలలో ఒకటి చెడ్డదైనా కంటిచూపుతో నమ్మకంగా చెప్పడం కష్టం, పైగా కీమో తరువాత కొత్తగా పుట్టే మంచి లేత కణాలు కూడా అచ్చం బ్లాస్ట్‌లలాగే కనిపించి మమ్మల్ని తికమక పెడతాయి. అందుకే ఫ్లో సైటోమెట్రీ అనే యంత్రంతో కణాల పైపొర గుర్తులను చూసి, పదివేల కణాలలో ఒక్కటి మిగిలినా పట్టుకునే ప్రయత్నం చేస్తాము. మీ రిపోర్టుల్లో ఎంఆర్‌డీ (చికిత్స తరువాత మిగిలిన జబ్బు) అని, 0.01 శాతం అని కనిపించేది ఇదే. బి-సెల్ రకంలో మిగిలిన కణాలు రక్తంలో కంటే మజ్జలో చాలా ఎక్కువగా ఉంటాయి కాబట్టి, చేతి నుంచి తీసిన రక్తం ఈ పనికి సరిపోదు. బావి నిండుగా ఉందా లేదా అన్నది కాలువలో నీళ్లు చూసి చెప్పలేము కదా.

ఇక మూడో శాంపిల్ ఎందుకు పనికిరాలేదో నేను ఊహించగలను. సూదితో మజ్జను లాగినప్పుడు మొదటి ఒకటి రెండు మిల్లీలీటర్లలోనే అసలైన మజ్జ ఉంటుంది. ఆ తరువాత లాగేకొద్దీ చుట్టుపక్కల రక్తం కలిసి పలచబడుతుంది. మొదట లాగినది స్లయిడ్‌లకు వాడి, తరువాత లాగినది క్రోమోజోముల పరీక్షకు పంపి, చివరగా వచ్చినదాన్ని ఊదారంగు మూత గొట్టంలో పోసి ఎంఆర్‌డీకి పంపిస్తే, మేము పరీక్షించేది సగానికి సగం మామూలు రక్తమే అవుతుంది. అందులో జబ్బు కనపడలేదని చెప్పినా ఆ మాటకు విలువ లేదు. నిజాయితీ ఉన్న ల్యాబ్ దాన్ని తిప్పి పంపుతుంది. నాలుగోసారి పొడిపించుకోవలసి రావడం మీకు కోపం తెప్పించి ఉంటుంది గాని, తిప్పి పంపినవారు మీకు మేలే చేశారు.

మరొక చిన్న విషయం ఉంది. ఈ కణాలు బతికి ఉండగానే మాకు చేరాలి. ఒకటి రెండు రోజులు దాటితే చనిపోతూ ఉంటాయి. శనివారం మధ్యాహ్నం తీసి కొరియరులో పంపిన శాంపిళ్లను, సంక్రాంతి సెలవుల ముందు రోజు తీసినవాటిని సోమవారం తెరిచి చూసి నేను ఎన్నోసార్లు తల పట్టుకున్నాను. మీది బుధవారం అన్నారు, ఆ విధంగా మంచి రోజే.

ఓరుగల్లు అమ్మ

పాలమూరు బిడ్డ గారూ, మీ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మనసు గట్టిగా ఉంటే నొప్పి ఉండదని మీరు రాసిన మాట, నొప్పి కలిగినవారి మనసు బలహీనమైనదని చెప్పినట్లే వినిపిస్తోంది. ఆ తమ్ముడు ఈ మాటను ఆ గదిలో ఒకసారి ఇప్పటికే విన్నాడు.

విశ్రాంత పాథాలజిస్టు

నేను ఈ పరీక్షను వేల సంఖ్యలో చేసినవాడిని. ఉద్యోగ విరమణ చేసి తొమ్మిదేళ్లయింది కనుక నా మాటను మీ డాక్టరు మాటకు పైన పెట్టవద్దు.

మేము చదువుకునే రోజులలో ఛాతీ ఎముకలోంచి కూడా మజ్జ తీసేవాళ్లం. 1927లో రష్యాలో ఆరిన్‌కిన్ అనే వైద్యుడు ఆ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఛాతీ ఎముక పలచగా ఉంటుంది, దాని వెనుకే గుండె, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. రోగి తన ఛాతీ మీదికి సూది రావడాన్ని కళ్లారా చూస్తాడు. 1971లో జంషీదీ అనే వైద్యుడు తయారుచేసిన సూదితో ఎముక ముక్క నలగకుండా రావడం మొదలైంది, ఇప్పటికీ దాని రూపాంతరాలనే వాడుతున్నారు. మన భాషలో మజ్జకు మూలుగ అనే మంచి మాట ఉంది. దానికీ మూలుగుకూ ఏదో చుట్టరికం ఉందని నా రోగులు గట్టిగా నమ్మేవారు.

నొప్పి సంగతికి వస్తాను. ఇందులో మూడు వేర్వేరు నొప్పులు ఉన్నాయి, మూడింటికీ ఒకే మందు లేదు. మొదటిది తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ చర్మంలోకి వెళ్లేటప్పుడు కలిగే మంట, అది కొన్ని క్షణాలే. రెండోది ఎముక పైపొర నొప్పి. ఆ పొరకు నరాలు ఎక్కువ కాబట్టి లిగ్నోకెయిన్‌ను చర్మం దగ్గరే ఆపకుండా ఎముక తగిలే వరకు తీసుకువెళ్లి, ఒక్క చుక్క స్థలంలో కాక చుట్టూ కొంత మేర ఇచ్చి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ ఆగడమే చాలా చోట్ల జరగదు. బయట ఇరవై మంది వరుసలో ఉన్నప్పుడు మూడు నిమిషాలు ఖాళీగా నిలబడటం డాక్టరుకు కూడా నేరంగా అనిపిస్తుంది. తెనాలివాసి గారికి రెండోసారి జరిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది. మూడోది సిరంజితో మజ్జను లాగేటప్పుడు తొడ దాకా పాకే నొప్పి. అది ఎముక లోపల పుట్టేది కనుక పైన ఇచ్చిన తిమ్మిరి మందు దాన్ని ఆపలేదు. అది అయిదారు క్షణాలు ఉండి, లాగడం ఆపగానే పోతుంది. లాగే ముందు "ఇప్పుడు లాగుతున్నాను" అని డాక్టరు చెబితే రోగి ఊపిరి వదులుతూ దాన్ని దాటగలడు. చెప్పకుండా లాగితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది.

అలవాటవుతుందా అని అడిగారు. కాదు. బాగా జరిగిన పరీక్ష తరువాతిదాన్ని తేలిక చేస్తుంది, చెడుగా జరిగినది తరువాతివాటన్నిటినీ పాడుచేస్తుంది. కాబట్టి మొదటి రెండింటిలోనే శ్రద్ధ తీసుకోవాలని నా శిష్యులకు చెప్పేవాడిని. పెద్దలకు కూడా మిడజోలామ్ వంటి మందుతో కొద్దిపాటి మత్తు ఇవ్వవచ్చు. అయితే ఆక్సిజన్ స్థాయిని చూసే పరికరం, చూసుకునే మనిషి, తోడుగా ఇంటికి తీసుకువెళ్లే బంధువు ఉండాలి. ఓరుగల్లు అమ్మగారి ప్రశ్నకు నిజమైన సమాధానం ఇదే: పెద్దలు కదలకుండా పడుకోగలరు కాబట్టి ఆ ఏర్పాటును ఎవరూ అవసరం అనుకోలేదు. అడిగినవారికి చాలా చోట్ల ఇస్తారు.

ల్యాబ్ మిత్రుడు మొదటి లాగుడు ఎంఆర్‌డీకే ఇవ్వాలన్నట్లు రాశారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మజ్జ రేణువులు కూడా మొదటి చుక్కలలోనే ఉంటాయి, స్లయిడ్ పాడైతే ఆ రిపోర్టు ఎందుకు?

విశాఖ ల్యాబ్

పెద్దవారు చెప్పింది నిజమే. మొదటి లాగుడులో కొన్ని చుక్కలు స్లయిడ్‌లకు పెట్టి, మిగిలినది వెంటనే ఎంఆర్‌డీ గొట్టంలో పోయడం, లేదా రెండో సిరంజికి సూదిని కొద్దిగా పక్కకు జరిపి మళ్లీ మొదటి లాగుడులా తీయడం మా దగ్గర జరుగుతోంది. ఏది చేసినా ఏ గొట్టంలో ఎన్నో లాగుడు ఉందో చీటీ మీద రాసి పంపితే మాకు సగం పని తగ్గుతుంది.

ఇమాటినిబ్ 2009

నా జబ్బు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఈ చర్చలో నాకు చోటు లేదేమో గాని, కొత్తగా జబ్బు తెలిసినవారు చదివి భయపడకూడదని రాస్తున్నాను. ఈ రకంలో మజ్జ పరీక్ష సాధారణంగా మొదట్లో ఒకసారి చేస్తారు. ఆ తరువాత మూడు నెలలకొకసారి మామూలు రక్తంతోనే బీసీఆర్-ఏబీఎల్ (ఈ జబ్బుకు కారణమైన జన్యువు) శాతం చూస్తారు. మూడు నెలలకు 10 శాతం, ఏడాదికి 0.1 శాతం అన్నవి మేము పరీక్ష మార్కుల్లా గుర్తుపెట్టుకునే అంకెలు. 2009 నుంచి నాకు రెండుసార్లే మజ్జ తీశారు. రెండోది 2013లో ఆ శాతం పెరగడం మొదలై మందు మార్చవలసి వచ్చినప్పుడు తీశారు. అందువల్ల "లుకేమియాకు ఇన్నిసార్లు చేస్తారు" అని ఎవరైనా చెబితే, ఏ లుకేమియా అని ముందు అడగండి.

ఎడిసన్ నుంచి

మాది న్యూజెర్సీ. నాన్నగారికి అక్యూట్ మైలాయిడ్ రకం వస్తే ఆయన పరీక్షలన్నింటికీ నేనే పక్కన ఉన్నాను. కీమో మొదలైన 14వ రోజున ఒకటి, నెలకు ఒకటి, మూలకణ మార్పిడికి ముందు ఒకటి, మార్పిడి తరువాత 30వ రోజున, 100వ రోజున, ఏడాదికి ఒక్కొక్కటి. ఇక్కడ చేతితో తిప్పే సూదికి బదులు బ్యాటరీతో నడిచే చిన్న డ్రిల్లు వాడారు. పని త్వరగా అయ్యింది గాని, ఆ చప్పుడు విని మా నాన్నగారు, "మన ఊళ్లో బోరు వేసినట్లుంది" అన్నారు. అది నవ్వులాటకు అన్నారో భయంతో అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

మీరంతా సూది నొప్పి గురించి రాశారు. ఆయనకు అసలు బాధ ఫలితం వచ్చే వరకు ఉండే వారం రోజులది. స్లయిడ్ ఒకటి రెండు రోజుల్లో చూసి చెబుతారు, ఎముక ముక్కను మెత్తబరచి కోయాలి కనుక దానికి మరికొన్ని రోజులు పడుతుంది, క్రోమోజోముల రిపోర్టు ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఇక్కడ ప్రతి రిపోర్టూ డాక్టరు కంటే ముందే ఫోనులో కనిపిస్తుంది. ఆయన రాత్రి రెండింటికి లేచి ఫోను చూసుకునేవారు. చివరికి ఆ యాప్‌ను నా ఫోనులోకి మార్చుకున్నాను.

పాలమూరు బిడ్డ

ఓరుగల్లు అక్కా, మీరు చెప్పింది నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. ఒక నిజం రాయాలి. ఆరోసారి తరువాత బాత్‌రూంలో చాలాసేపు ఏడ్చాను. నొప్పికి కాదని అప్పుడు అనుకున్నాను. మత్తు ఇస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. అడగలేదని గొప్పగా రాశాను గాని, అడగవచ్చని తెలియదు. తెనాలివాసి అన్నా, మీరు అడగండి.

తెనాలివాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పరీక్ష అయ్యింది. జరిగినది జరిగినట్లు రాస్తాను.

ఉదయం డాక్టరుగారితో, "రెండోసారి నాకు తిమ్మిరి ఎక్కకముందే సూది దించారు, ఈసారి భయంగా ఉంది" అని చెప్పాను. ఈ వాక్యం రాసుకుని వెళ్లాను, ఎందుకంటే ఎదురుగా నిలబడితే నోరు పెగలదని తెలుసు. ఆయన కోప్పడలేదు. ఫైలు తిరగేసి, ముందే చెప్పి ఉండవలసింది అన్నారు. కొద్దిపాటి మత్తు ఇవ్వడానికి ఆ రోజు మనిషి దొరకలేదు, అందువల్ల అది కుదరలేదు. కానీ తిమ్మిరి మందు ఇచ్చాక గోడ గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగారు. తరువాత సూది మొనతో తాకి, "పదునుగా ఉందా, నొక్కినట్లుందా?" అని అడిగారు. నొక్కినట్లే ఉంది. లాగే ముందు చెప్పారు. ఆ నొప్పి వచ్చింది, పాథాలజిస్టుగారు రాసినట్లే తొడ దాకా పాకింది, నేను ఆరు అంకెలు లెక్కపెట్టేసరికి పోయింది. ఎముక ముక్క తీసేటప్పుడు నొప్పి కంటే వింతగా ఉంది, ఎవరో నన్ను మంచానికి మేకుతో బిగిస్తున్నట్లు.

మొదటి లాగుడు మాట ఎత్తడానికి మొహమాటపడ్డాను. "పోయినసారి శాంపిల్ పలచబడిందన్నారు, ఈసారి అలా కాకుండా చూడగలరా?" అని మాత్రమే అడిగాను. సిస్టర్ గొట్టాల మీద ఒకటి, రెండు అని అంకెలు వేయడం పక్కకు తిరిగి పడుకునే చూశాను.

మడత దుప్పటి మీద అరగంట వెల్లకిలా పడుకోబెట్టారు. ఒక రోజు తడి తగలనివ్వవద్దని, నొప్పికి పారాసెటమాల్ తప్ప వేరేది వేసుకోవద్దని, కట్టు నెత్తుటితో తడిసినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మని చెప్పారు.

విశ్రాంత పాథాలజిస్టు

సూది మొనతో తాకి అడిగిన డాక్టరుకు నా నమస్కారాలు చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ విషయం పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి. బ్రిటన్‌లో 2003లో ప్రచురించిన ఒక లెక్కలో దాదాపు 55 వేల పరీక్షలకు 26 మందిలో తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి, వాటిలో ఎక్కువ రక్తస్రావమే. చాలా అరుదు, కానీ ఆ అరుదైన వారిలో చేరకుండా చూసుకోవచ్చు.

ఓరుగల్లు అమ్మ

మా వాడికి కూడా వచ్చే సోమవారం ఎముక సూదే. మీ సంగతి చదివి వినిపిస్తే, "ఆ అంకుల్ నిద్రపోకుండానే చేయించుకున్నాడా?" అని నోరు తెరిచాడు. మీ రిపోర్టు ఎప్పుడు వస్తుంది?

తెనాలివాసి

మంగళవారం అన్నారు అక్కా. శాంపిల్ బాగుందని మాత్రం ల్యాబ్ నుంచి ఈ రోజు కబురు వచ్చింది. మా మామగారికి బావి, కాలువ మాట చెప్పాను. ఆయన రైతు, వెంటనే తల ఊపి, "అయితే ఎండాకాలంలో కూడా చూడాల్సిందే" అన్నారు. ఇప్పటికి నాకు ఎడమ వైపు రెండు, కుడి వైపు మూడు మచ్చలున్నాయి. ఇంకోసారి అవసరమైతే ఎడమ వైపు చేయమని, ఐదు నిమిషాలు ఆగమని ఫైలు అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసుకున్నాను.